ఆకలి తగ్గించే ఇంజెక్షన్ ఆపేశాక తగ్గిన బరువు నిలుస్తుందా?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో ఒకసారి చెప్తాను. మీది హన్మకొండ, ప్రైవేటు బడిలో టీచర్, వయసు 39, ఎత్తు 158 సెంటీమీటర్లు. వారానికో సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ చొప్పున 11 నెలలు తీసుకుని 91 కిలోల నుంచి 75కి వచ్చారు. షుగర్ లేదు, థైరాయిడ్ మాత్ర వాడుతున్నారు. ఖర్చు భరించలేక ఇంకో రెండు నెలల్లో ఆపేద్దామని అనుకుంటున్నారు. ఆపితే తగ్గిందంతా తిరిగొస్తుందా, రాకుండా ఏం చేయాలి, "ఆ సూదులు బంద్ చేసి కడుపు నిండ అన్నం తిను" అంటున్న అత్తమ్మకి ఏం చెప్పాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఏమీ మార్చుకోకుండా ఆపితే, చాలామందికి ఏడాది తిరిగేసరికి తగ్గినదాంట్లో సగానికి పైగా తిరిగొస్తుంది. 75 దగ్గరే గీత గీసినట్టు ఆగడం కష్టం. 78, 80 దగ్గర నిలవడం మాత్రం సాధ్యమే, నిలిచినవాళ్లను నేను చూశాను. అయితే ఆ ఏర్పాటు మందు ఆపిన రోజు మొదలుపెడితే ఆలస్యమైపోయినట్టే. మందు ఇంకా ఒంట్లో పనిచేస్తుండగానే మొదలుపెట్టాలి. మీకు ఇంకా రెండు నెలలున్నాయి. అది చాలా విలువైన సమయం.

నేను 17 ఏళ్లుగా వరంగల్‌లో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. ఈ మందులు రాసేదీ ఆపేదీ డాక్టర్లే. తిండి సంగతి చూడమని వాళ్లు నా దగ్గరికి పంపుతారు. మన దేశంలో సెమాగ్లూటైడ్ మాత్రలుగా 2022లో వచ్చింది. 2025 మార్చిలో మౌంజారో (టిర్జెపటైడ్ అనే ఇలాంటి మందే), జూన్‌లో వెగోవీ (ఇది సెమాగ్లూటైడే) ఇంజెక్షన్లు వచ్చాక ఇలా వచ్చేవాళ్ల సంఖ్య బాగా పెరిగింది. "ఆపేశాను, మళ్లీ పెరుగుతున్నాను" అంటూ వచ్చేవాళ్లు ఇప్పుడు వారానికి ముగ్గురు నలుగురు ఉంటున్నారు. అందుకే మీకు కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను.

బరువు ఎందుకు తిరిగొస్తుందో ముందు తెలుసుకోండి. తెలియకపోతే ముల్లు ఒక్క కిలో పైకి జరిగినా మిమ్మల్ని మీరే తిట్టుకుంటారు. మనం తిన్నాక పేగుల నుంచి జీఎల్‌పీ-1 అనే హార్మోన్ విడుదలవుతుంది. "ఇక చాలు" అని మెదడుకి చెప్పేవాటిలో అదొకటి. మన ఒంట్లో తయారయ్యే ఆ హార్మోన్ నిమిషాల్లోనే కరిగిపోతుంది. సెమాగ్లూటైడ్ కూడా అదే పని చేస్తుంది, కానీ వారం గడిచినా సగం ఒంట్లోనే ఉంటుంది. ఈ 11 నెలలు మీకు "చాలు" అని గట్టిగా చెప్పింది అదే. మీ తిండి యావ పోలేదు, దాన్ని మందు అణచి ఉంచింది. మందు వెళ్లిపోతే అది మళ్లీ లేస్తుంది.

దానికి తోడు, బరువు తగ్గిన శరీరం ఊరుకోదు. 2011లో మెల్‌బోర్న్ పరిశోధకులు 50 మందికి కఠినమైన డైట్‌తో బరువు తగ్గించి, ఏడాది తర్వాత మళ్లీ రక్తపరీక్షలు చేశారు. ఏడాదైనా ఆకలి పెంచే హార్మోన్లు ఎక్కువగానే ఉన్నాయి, కడుపు నిండిందని చెప్పేవి తక్కువగానే ఉన్నాయి. అమెరికాలో కెవిన్ హాల్ బృందం 2016లో ఒక లెక్క కట్టింది. తగ్గిన ప్రతి కిలోకీ ఒళ్లు రోజుకి 20 నుంచి 30 కేలరీలు తక్కువ ఖర్చుపెడుతుంది, ఆకలి మాత్రం 100 కేలరీల దాకా ఎక్కువ అడుగుతుంది. మీరు తగ్గింది 16 కిలోలు. అంటే 91 కిలోలున్నప్పటితో పోలిస్తే ఇప్పుడు మీ ఒంటికి రోజుకి సుమారు 400 కేలరీలు తక్కువ చాలు. ఆకలేమో అప్పటికంటే ఎక్కువ వేస్తుంది. దీన్ని మనోబలం లేకపోవడం అనడం అన్యాయం. నా ముందు కూర్చుని ఏడ్చినవాళ్లందరికీ మొదట చెప్పే మాట ఇదే.

అధ్యయనాల సంగతి కూడా చెప్తాను, ఎందుకంటే మీ కేసు వాటికి చాలా దగ్గరగా ఉంది. స్టెప్-1 అనే పెద్ద అధ్యయనంలో సెమాగ్లూటైడ్ 68 వారాలు వాడినవాళ్లలో, ఆపాక కూడా పరిశోధకులు గమనిస్తూ వచ్చినవాళ్లు, మందు ఆపేనాటికి సగటున 17.3 శాతం తగ్గి ఉన్నారు. మీరు తగ్గింది 17.6 శాతం. ఆపిన ఏడాదికి వాళ్లకి తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. మీ లెక్కకి మార్చితే 85, 86 కిలోలు. అయితే అక్కడ మందుతో పాటు తిండి, వ్యాయామం సలహాలు కూడా ఆపేశారు. "అయితే సలహాలుంటే చాలు కదా" అనుకోకండి. మౌంజారోలో ఉండే టిర్జెపటైడ్‌తో చేసిన సర్మౌంట్-4 అనే అధ్యయనంలో సలహాలు కొనసాగిస్తూనే మందు ఆపారు. అప్పటికి 20.9 శాతం తగ్గి ఉన్నవాళ్లు ఆ తర్వాతి ఏడాదిలో 14 శాతం తిరిగి పెరిగారు. ఒట్టి మాటలతో ఆగలేదన్నమాట.

డెన్మార్క్‌లో లిరాగ్లూటైడ్ అనే ఇదే జాతి మందుతో చేసిన అధ్యయనం నాకు ధైర్యాన్నిచ్చింది. ఏడాదిపాటు మందుతో పాటు దగ్గరుండి వ్యాయామం చేయించిన గుంపు, మందొక్కటే తీసుకున్న గుంపు. రెండూ ఆపేసిన ఏడాది తర్వాత చూస్తే, వ్యాయామం చేసినవాళ్లు బరువును మెరుగ్గా నిలుపుకున్నారు. మందు ఒంట్లో ఉన్న రోజుల్లో ఒళ్లు నిజంగా ఏ పనికి అలవాటుపడిందో, అదే తర్వాత అక్కరకొచ్చింది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో నేను చూసేదీ అదే.

ఇప్పుడు ఆపాక ఏ వారంలో ఏమవుతుందో చెప్తాను, చాలామంది మోసపోయేది ఇక్కడే. సెమాగ్లూటైడ్ ఒంట్లోంచి దాదాపుగా పోవడానికి ఐదు వారాలు పడుతుంది. కాబట్టి మొదటి నెల పెద్దగా తేడా తెలియదు. ఎనుమాముల మార్కెట్లో కమీషన్ వ్యాపారం చేసే ఒకాయన మౌంజారో ఏడు నెలలు వాడి, కూతురి పెండ్లి పనుల్లో పడి టక్కున ఆపేశారు. మూడో వారంలో ఫోన్ చేసి "మేడం, మందు బంద్ చేసినా ఏం కాలే, నాకు తిండి మీద కంట్రోల్ వచ్చేసింది" అన్నారు. ఆ గొంతులో సంతోషం విని, జాగ్రత్త అని గట్టిగా చెప్పలేకపోయాను. చెప్పాల్సింది. ఆరో వారం నుంచి రాత్రి పదకొండింటికి లేచి వంటింట్లోకి వెళ్లడం మొదలైంది. పెండ్లి అయిపోయింది, దావత్‌లు అయిపోలేదు. ఐదు నెలల తర్వాత వచ్చినప్పుడు 7 కిలోలు పెరిగి ఉన్నారు. "నాకేమైంది మేడం, నేను గింత బలహీనుడినా" అని అడిగారు. ఆయన బలహీనుడు కాదు. మందు పోయింది, దాని జాగాలో పెట్టుకున్నది ఏమీ లేదు.

కాబట్టి మీ క్యాలెండర్‌లో చివరి ఇంజెక్షన్ తేదీ రాసుకుని, అక్కడి నుంచి ఐదో వారం మొదలుకొని పదహారో వారం వరకు గీత గీసుకోండి. నేను చూసినవాళ్లలో అసలు పరీక్ష ఆ మూడు నెలలే. వీలైతే ఆ రోజుల్లో మందు ఆపడంతో పాటు ఇల్లు మారడం, కొత్త ఉద్యోగం, పెండ్లిళ్ల సీజన్ కలవకుండా చూసుకోండి. ఎప్పుడు ఆపాలో డాక్టర్‌తో మాట్లాడేటప్పుడు ఈ విషయం కూడా చెప్పండి.

ఇక తిండి. నా దగ్గరికి మొదటిసారి వచ్చేవాళ్లని ఒక వస్తువు తెమ్మంటాను: ఇంట్లో అన్నం వడ్డించే హస్తం. పరకాల నుంచి ఒక అంగన్‌వాడీ టీచర్ వచ్చేది. సెమాగ్లూటైడ్ మాత్రలు వాడి 9 కిలోలు తగ్గింది, ఆపే ముందు నన్ను కలిసింది. సంచిలోంచి స్టీలు హస్తం తీసింది. అంచు ఒక పక్క అరిగిపోయింది, పిడి మీద వాళ్లమ్మ పేరు చుక్కలు చుక్కలుగా చెక్కి ఉంది. నా గదిలో వంటింటి త్రాసు ఉంటుంది. టిఫిన్ డబ్బాల్లో అన్నం తెప్పించి, దాని మీద పళ్లెం పెట్టి, ఇంట్లో ఎలా పెట్టుకుంటుందో అలాగే పెట్టమన్నాను. మొదటి హస్తం 130 గ్రాములు. మాత్ర వాడేటప్పుడు ఎన్ని అంటే, "ఒక్కటే మేడం, అది కూడా మిగిలేది" అంది. మరి మాత్రకి ముందు? ఆలోచించి మూడు పెట్టింది. కాసేపాగి, "చారుకి వేరే కదా" అంటూ ఇంకొకటి వేసింది. త్రాసు 510 చూపించింది. వండిన అన్నం 100 గ్రాములకి సుమారు 130 కేలరీలు. ఒక్క పూట అన్నమే 660 కేలరీలు, కూరలు, నూనె కలపకుండా. ఆమె ఆ అంకె వంక చూసి, "నేను ఎక్కువ తింట అనుకోలే, అందరం గంతే తింటం" అంది. అది నిజం, మన ఇళ్లలో అందరం అంతే తింటాం.

మందు లేనప్పుడు కడుపు చాలని చెప్పదు కాబట్టి ఆ పని కొన్నాళ్లు హస్తం చేయాలి. ఆమెకి మధ్యాహ్నం ఒకటిన్నర హస్తం, రాత్రి అన్నం బదులు ఒక జొన్నరొట్టె అని ఖాయం చేశాం. ముఖ్యమైన షరతు ఒకటి పెట్టాను: అన్నం తగ్గించిన జాగా ఖాళీగా ఉండకూడదు. కూర రెండింతలు కావాలి. పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు. మాత్ర వాడుతున్న ఆఖరి రెండు నెలల్లోనే ఇలా తినడం మొదలుపెట్టింది. అప్పుడు ఆకలి లేదు కాబట్టి కష్టమనిపించలేదు. ఆకలి వచ్చే రోజుకి పళ్లెం అలవాటైపోయింది. మాత్ర ఆపి పద్నాలుగు నెలలైంది. 3 కిలోలు పెరిగి అక్కడే ఆగింది. దాన్ని నేను గెలుపనే అంటాను.

మీరు కూడా ఈ వారమే మీ హస్తం తూచుకోండి. చిన్న వంటింటి త్రాసైనా చాలు.

రెండో సంగతి మాంసకృత్తులు, అదే ప్రోటీన్. అన్నిటికంటే ఎక్కువసేపు కడుపు నిండుగా ఉంచేది ఇదే, కండ కరగకుండా కాపాడేదీ ఇదే. బరువు వేగంగా తగ్గితే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. ఇక్కడ ఇంకో కేసు చెప్పాలి. హంటర్ రోడ్డు వైపు ఉండే కుర్రాడు, ఇంట్లోంచే సాఫ్ట్‌వేర్ పని. ఇంజెక్షన్ వాడుతూ పొద్దున ఒక ఇడ్లీ, పగలు టీ బిస్కెట్లు, రాత్రి రెండు ముద్దల పెరుగన్నంతో నెలలు గడిపాడు. 22 కిలోలు తగ్గాడు, ఫొటోల్లో బాగున్నాడు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవమంటే మూడోసారికి కాళ్లు వణికాయి. జుట్టు గుప్పెళ్లతో ఊడుతోంది. మందు ఆపాక బరువు తిరిగొచ్చింది, కానీ పోయిన కండ దానంతటదే రాలేదు. అదే బరువులో మునుపటికంటే కొవ్వు ఎక్కువ, బలం తక్కువ. కండ తగ్గితే ఒంటి ఖర్చు ఇంకా పడిపోతుంది కాబట్టి రెండోసారి తగ్గడం మరింత కష్టం. "మందు వాడేటప్పుడు ఆకలి లేదు కదా, తినకపోతే మంచిదే కదా" అనుకునేవాళ్లకి ఈ మాట అందాలని నా కోరిక.

మీకు రోజుకి 75 నుంచి 90 గ్రాముల ప్రోటీన్ కావాలి, కిలోకి 1 నుంచి 1.2 గ్రాముల చొప్పున. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి ఈ లెక్క వర్తించదు, వాళ్లు డాక్టర్ చెప్పినంతే తినాలి. మన వంటింటి లెక్కలో: ఒక గుడ్డు 6 గ్రాములు. పచ్చి చికెన్ 100 గ్రాములకి 20 గ్రాములు. గుప్పెడు పప్పు, అంటే 30 గ్రాములు, 7 గ్రాములు. పావులీటరు పెరుగు 8 గ్రాముల దాకా. ఎండు శనగలు లేదా బొబ్బర్లు 50 గ్రాములు నానబెట్టి గుడాలు చేస్తే 10 గ్రాముల పైనే. మీల్‌మేకర్ 30 గ్రాములు 15 గ్రాములు. చాలామంది "రోజూ పప్పు తింటం కదా మేడం" అంటారు. నలుగురికి ఒక టీగ్లాసు కందిపప్పు వేసి నీళ్ల పప్పు చేస్తే మన వాటాకి వచ్చేది ఎంతో మీరే లెక్కేసుకోండి.

టీచర్ కాబట్టి మీకు గండం సాయంత్రం ఐదింటికి. బడి నుంచి నీరసంగా వస్తారు, ఇంట్లో టీ, మురుకులు. లేదా చౌరస్తాలో మిర్చి బజ్జీ వాసన. మందు ఉన్నన్నాళ్లు అది మీకు తెలియలేదు. ఆపాక మొదట తెలిసేది అదే. ఇల్లు చేరగానే ముందు ఒక గిన్నె గుడాలు, ఉల్లిపాయ, నిమ్మకాయ పిండుకుని తినండి, ఆ తర్వాతే టీ. గుడాలు మన చిన్నప్పటి తిండే కదా, కొత్తగా కొనేదేమీ లేదు. మక్కకంకుల కాలంలో ఉడకబెట్టిన కంకి ఒకటి తినండి, తప్పేం లేదు. కానీ దాన్ని అన్నం లెక్కలోనే వేయండి. టీలో రెండు చెంచాల చక్కెర వేసుకుని రోజుకి నాలుగు తాగితే చక్కెర ఒక్కటే 150 కేలరీలు దాటుతుంది. సగం చెంచాకి దిగండి.

ఆకలి, ఆశ ఒకటి కావు. ఆకలైతే గుడాలైనా తినబుద్ధవుతుంది. బజ్జీ మాత్రమే కావాలనిపిస్తే అది ఆశ. ఆశ వచ్చిన ప్రతిసారీ కాదనమని నేను చెప్పను, వారంలో ఒక రోజు పెట్టుకోండి, కూర్చుని, ప్లేట్లో వేసుకుని, మంచిగా తినండి. నిలబడి డబ్బాలోంచి తినేది లెక్కలోకి రాదు, కడుపులోకి మాత్రం పోతుంది.

వ్యాయామం గురించి ఒకప్పుడు అందరికీ "నడవండి" అని చెప్పి వదిలేసేదాన్ని. అది చాలదని ఈ మందుల కాలంలో నాకు బాగా అర్థమైంది. నడక కావాలి, బలం పెంచే వ్యాయామమూ కావాలి. తగ్గిన బరువు నిలుపుకోవడానికి వారంలో 200 నుంచి 300 నిమిషాల నడక మంచిదని అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ అనే క్రీడా వైద్య సంస్థ సిఫార్సు. అంటే రోజుకి 40 నిమిషాలు. భద్రకాళి బండ్ మీదో, పబ్లిక్ గార్డెన్‌లోనో, మీకు దగ్గరుంటే అక్కడ. ఎండాకాలంలో మన దగ్గర ఏడు దాటితే నడవలేం, ఐదున్నరకే బయల్దేరాలి. పొద్దున కుదరకపోతే రెండు పూటలా ఇరవై నిమిషాల చొప్పున విడగొట్టండి.

బలానికి జిమ్ తప్పనిసరి కాదు. వారంలో మూడు రోజులు, ఇరవై నిమిషాలు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం పదిసార్లు, మూడు విడతలు. గోడకి చేతులు ఆనించి ముందుకి వంగి వెనక్కి నెట్టడం. రెండు లీటర్ల నీళ్ల సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని భుజాల పైకి ఎత్తడం. నెల రోజులకి తేలికైపోతుంది, అప్పుడు బరువు పెంచాలి. అదే చాలామంది మర్చిపోయేది. పద్మాక్షి గుట్ట మెట్లు ఆదివారం ఒకసారి ఎక్కి దిగండి, కాళ్లకి అంతకంటే మంచి పని ఇంకొకటి లేదు. మోకాళ్ల నొప్పులుంటే మెట్లు వద్దు, కుర్చీ చాలు.

బరువు చూసుకోవడం మానకండి, రోజూ చూసుకుని బాధపడకండి. వారానికొక రోజు, పొద్దున, టీ తాగకముందు, ఒకే మిషన్ మీద. మందు ఆపిన మొదటి వారాల్లో ఒకటిన్నర, రెండు కిలోలు పెరగొచ్చు. అదంతా కొవ్వు కాదు. తిండి పెరిగితే కడుపులో, పేగుల్లో ఉండే సరుకు, ఉప్పుతో నిలిచే నీళ్లు కూడా పెరుగుతాయి. దాన్ని చూసి బెంబేలెత్తి పస్తులుంటే, మూడో రోజు రెండింతలు తింటారు. నేను ఇచ్చే గీతలు ఇవి: 77 వరకు టెన్షన్ వద్దు. 78 దాటితే రెండు వారాలు తిన్నదంతా పుస్తకంలో రాయండి, హస్తం మళ్లీ త్రాసు మీద పెట్టండి. 80 చేరితే డాక్టర్ దగ్గరికి వెళ్లండి, 86 అయ్యేదాకా మొహం చాటేయకండి. నా అనుభవంలో బరువు పెరిగినవాళ్లు చేసే పెద్ద పొరపాటు సిగ్గుపడి రావడం మానేయడం. మిషన్ ఎక్కడానికి మనసొప్పని వారాల్లో మీ లంగా నాడా ముడి ఎక్కడ పడుతోందో చూడండి, అది అబద్ధం చెప్పదు.

మీకు మాత్రమే చెప్పాల్సిన మాట ఇంకొకటి ఉంది. 158 సెంటీమీటర్లకి 75 కిలోలంటే బీఎంఐ, అంటే ఎత్తుని బట్టి బరువు ఎంతుందో చెప్పే లెక్క, 30. మన భారతీయులకి 25 దాటితేనే ఊబకాయం కింద లెక్క. అంటే మీరు చాలా తగ్గారు, కానీ వైద్యపరంగా ఇంకా మందు అవసరమయ్యే కోవలోనే ఉండొచ్చు. ఆపాలన్న నిర్ణయం ఖర్చు ఒక్కదాని వల్లే అయితే, ఆ మాటే డాక్టర్‌కి చెప్పండి. సెమాగ్లూటైడ్ పేటెంట్ గడువు మన దేశంలో 2026 మార్చి వరకే కాబట్టి తక్కువ ధర కంపెనీల మందు గురించి అడగండి. తక్కువ డోసు మీద కొనసాగడం మీకు సరిపోతుందో లేదో కూడా ఆయనే చెప్పాలి. బీపీ మాత్ర ఏళ్ల తరబడి వేసుకునేవాళ్లని మనం తప్పుపట్టం. ఇదీ అలాంటి జబ్బే. కొందరికి మందు చాలాకాలం కావాల్సి రావడం ఓటమి కాదు.

థైరాయిడ్ మాత్ర డోసు బరువుని బట్టి కూడా మారుతుంది. 16 కిలోలు తగ్గారు కాబట్టి టీఎస్‌హెచ్ పరీక్ష ఒకసారి చేయించండి. ఇది చదివే షుగర్ పేషెంట్లు ఎవరైనా ఉంటే, వాళ్లు తమంతట తాము ఈ మందు ఆపకూడదు, చక్కెర పెరుగుతుంది. బరువు తగ్గాక బీపీ మాత్ర తగ్గించినవాళ్లు ఆపాక బీపీ మళ్లీ చూపించుకోవాలి. పిల్లల కోసం ఆలోచిస్తున్నవాళ్లు గర్భానికి కనీసం రెండు నెలల ముందే సెమాగ్లూటైడ్ ఆపాలి.

ఆపాక ఆకలి భరించలేక కొందరు "ఆకలి తగ్గించే పొడి" అని అమ్మేవాటి వెంట పడుతున్నారు. దయచేసి వద్దు. సిబుట్రమిన్ అనే ఆకలి మందు గుండెకి ముప్పని 2011లో మన దేశంలో నిషేధించారు. మూలికల పేరుతో అమ్మే బరువు పొడుల్లో చాటుగా ఆ మందే కలిపినట్టు చాలా దేశాల్లో పరీక్షల్లో బయటపడింది. ఎవరో సగం వాడి మిగిల్చిన ఇంజెక్షన్ పెన్నులు కొనడమూ అంతే ప్రమాదం.

నిద్ర ఆరు గంటల కంటే తగ్గితే మర్నాడు ఆకలి పెరుగుతుంది. పేపర్లు దిద్దే రోజుల్లో ఇది గుర్తుపెట్టుకోండి. పండుగలూ దావత్‌లూ మానమని నేను ఎవరికీ చెప్పను. బగారన్నం, మటన్ ఉన్న చోట మటన్ ముందు తినండి, అన్నం ఒకసారే వడ్డించుకోండి. సంక్రాంతికి సకినాలు రెండు తినండి, డబ్బా నిండా చేసి నెలంతా ఇంట్లో పెట్టుకోకండి.

ఇక అత్తమ్మ సంగతి. ఆవిడ మాటలో కోపం కంటే భయం ఎక్కువ ఉంటుందని నాకనిపిస్తుంది. కళ్ల ముందు కోడలు సూదులు పొడుచుకుంటోంది, తిండి మానేసింది, మొహం పీక్కుపోయింది. ఏ పెద్దావిడకైనా అలాగే ఉంటుంది. ఆమెతో వాదించకండి, ఆమెకి పని ఇవ్వండి. "అత్తమ్మా, సూదులు బంద్ చేస్తున్న. ఆకలి మస్తయితదట. నేను బడి నుంచి వచ్చేసరికి బొబ్బర్లో శనగలో ఉడకేసి పెడ్తవా?" అని అడగండి. పరకాల టీచర్ ఇంట్లో జరిగింది ఇదే. ఆమె అత్తమ్మ మొదటి వారం గొణిగిందట. తర్వాత రోజూ రాత్రి తనే గుర్తుపెట్టుకుని గింజలు నానేయడం, ఒకరోజు ఉలవలు, ఒకరోజు అలసందలు, ఒకరోజు పెసర్లు అని మార్చడం మొదలుపెట్టింది. నాకు చూపించడానికి ఒకసారి ఆ గిన్నె కూడా పంపింది. ఎండుమిర్చి, కరివేపాకు తాలింపుతో, నూనె ఒక్క చెంచా.